పదిమంది వేసిన అతుకు

మా బావ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా అక్కని పెళ్ళి చేసుకొని మా ఇంటికి వచ్చిన మొదటి రోజే, భోజనం మధ్యలో లేచి, కిటికీ చువ్వ ఒకటి కదులుతోందంటూ వెళ్ళి ఎంగిలి చేత్తోనే దాన్ని ఊపి చూసొచ్చాడు. ఈ అల్లుడు కాలుగాలిన పిల్లి అని మా నాన్న అప్పుడే తేల్చేశాడు. ఆ పేరుని వీధిలోకి పాకించింది మాత్రం నేనే, అందులో నాకేమీ సిగ్గు లేదు. పిల్లిబావా అంటే ఆయన కూడా చక్కగా పలుకుతాడు.

బావ ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా పనిచేసి, అది మానేశాక అక్కతో వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. పరాయివాళ్ళ సాయం లేకుండా మన దేశం కట్టుకున్న మొదటి పెద్ద ఓడలో ఆయన వేసిన అతుకు ఉంది. అది ఎక్కడో పైన, నలుగురికీ కనపడేచోట ఉందనుకునేరు. అడుగున, ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే చోట ఉంది. ఓడని నీళ్ళలోకి దింపిన రోజు బ్యాండు మోగింది, జెండా ఎగిరింది, పెద్దవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. పనివాళ్ళని వెనక నిలబెట్టారు. అక్కడ నిలబడి మా బావ వెక్కి వెక్కి ఏడ్చాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ మధ్యలోనే లేచి వెళ్ళి ఏ తలుపు గొళ్ళాన్నో కదిలించి చూస్తాడు.

సముద్రంలో తుఫాను అని వార్తల్లో వచ్చిందా, ఇక ఆ రోజుకి మా అక్క పని అయిపోయినట్టే. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉంటాడు.

"ఓడ నిక్షేపంగా ఉందిలెండి, వచ్చి తినండి" అంటుంది అక్క.

"అందులో ఎంతమంది నిద్రపోతుంటారో తెలుసా? నా అతుకు పక్కనే పడుకొని ఉంటారు" అంటాడు.

నవ్వేదాన్ని. కానీ పైకి ఎంత ఎగతాళి చేసినా, నాకు తెలిసిన మనుషుల్లో దేశం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా నిద్ర మానుకునేవాడు మా బావ ఒక్కడే అని లోపల గర్వంగానే ఉండేది.

మా వీధి ఒక పెద్ద కాలవ దగ్గర ఆగిపోతుంది. అవతలి గట్టున బడి ఉంది. నేను ఆ బళ్ళో డ్రిల్లు టీచర్ని. కనపడే బడికి వెళ్ళడానికి మా పిల్లలు లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కాలవ మీద చిన్న వంతెన వెయ్యండని అడిగి అడిగి మా వీధివాళ్ళ నోళ్ళు నొప్పి పుట్టాయి. చివరికి మునిసిపల్ ఆఫీసువాళ్ళు "ఇనుము మేమిస్తాం, చాకిరీ మీరు చేసుకోండి" అన్నారు. వెటకారంగా అన్నారో, మనసారా అన్నారో మాకు తెలియదు. మావాళ్ళు ఆ మాటని మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

వీధి కమిటీకి పెద్ద రిటైరైన పోస్టుమాన్ ఒకాయన. అందరం ప్రెసిడెంటు గారూ అంటాం. ఆయనకి దేశం అంటే ప్రాణం, మైకు అంటే ఇంకా ప్రాణం. "దేశం అంటే ఎక్కడో లేదు, మన వీధి చివర మొదలవుతుంది" అని ఆయన ఎత్తుకోగానే, మామూలుగా అయితే జనం మెల్లగా జారుకునేవాళ్ళు. ఈసారి జారుకోలేదు. దర్జీ రాళ్ళు మోశాడు. క్షవరశాల ఆయన కొట్టు మూసేసి సిమెంటు కలిపాడు. మురుగునీళ్ళ తగాదాతో ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోని రెండిళ్ళవాళ్ళు ఒకే తట్ట చెరోవైపూ పట్టుకొని మట్టి మోస్తుంటే వీధంతా నిలబడి చూసింది. నేనూ బడి వదలగానే వెళ్ళి ఇసుక జల్లించాను, చేతులు బొబ్బలెక్కాయి, అయినా సంతోషంగానే ఉంది.

వంతెనకి రెండు ఇనప దూలాలు ఆధారం. ఒక్కో దూలం రెండు ముక్కలుగా వచ్చింది, నడుమ అతకాలి. ఆ పనికి మా బావ తప్ప ఇంకెవరున్నారు? మొదటి దూలాన్ని ఒక్కడే అతికాడు. మనిషి మామూలప్పుడు నిలకడ లేనివాడేగానీ, మొహానికి వెల్డింగ్ అద్దం అడ్డం పెట్టుకున్నాడంటే మాత్రం రాయిలా కదలడు. రాడ్డు కాలుతూ ముందుకి పోతుంటే ఆయన ఊపిరి కూడా వినపడదు. ఒక వరస వెయ్యడం, పైన కట్టిన నల్లటి తొక్కని సుత్తితో రాలగొట్టడం, బ్రష్షుతో మెరిసేదాకా తోమడం, మళ్ళీ ఇంకో వరస. ఆ తొక్కని వెల్డర్లు స్లాగ్ అంటారు. అది లోపల మిగిలిపోతే అతుకు పైకి నున్నగా, లోపల గుల్లగా ఉంటుందని మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు, అన్నిసార్లు చెప్పాడు.

రెండో దూలం చివరి అతుకు దగ్గర వచ్చింది తంటా.

అడుగు వరస వేసి, మంచినీళ్ళు తాగడానికి అద్దం తీశాడు. గట్టు మీద వీధి వీధంతా ఉంది. అదే ఆఖరి పని, అది అయిపోతే వంతెన నిలబడినట్టే. ఇస్త్రీ పెద్దమ్మ మెల్లగా ముందుకి వచ్చింది. పెద్దమ్మ వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది, చూపు సగం పోయింది, అయినా మడత ఒక్కటి తప్పదు.

"నాయనా, నా చేత్తో ఒక్క చుక్క వెయ్యనిస్తావా? దీన్ని నేను కూడా కట్టానని చెప్పుకుంటాను" అంది.

బావ ఏమంటాడు? ఓడ దగ్గర వెనక వరసలో నిలబడి ఏడ్చిన మనిషి. పెద్దమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకొని, అద్దం పెట్టించి, ఒక్క చుక్క వేయించాడు. రవ్వలు లేచాయి. పెద్దమ్మ చిన్నపిల్లలా కేక పెట్టింది. గట్టు మీద చప్పట్లు. ఇక చూడాలి! దర్జీ నేనన్నాడు, క్షవరశాల ఆయన నేనన్నాడు, తట్ట మోసిన రెండిళ్ళవాళ్ళు ఇద్దరం కలిసి వేస్తామన్నారు. ప్రెసిడెంటు గారు వరస కట్టించి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, మధ్య మధ్య ఉపన్యాసం ఇస్తున్నాడు. రాడ్డు అంటుకుపోతోంది, ఊడబెరుకుతున్నారు, మళ్ళీ అంటిస్తున్నారు. మా బావ సుత్తి తీసుకొని స్లాగ్ కొట్టబోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆయన్ని కౌగిలించుకుంటున్నారు. పదిమంది చేతిలో పాము చావదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

పొద్దుగూకే వేళకి ఆ సందడి ముగిసింది. మిగిలిన వరసలు బావ తన చేత్తో పైన వేశాడు. అతుకు పైకి చూస్తే ముచ్చటగా ఉంది. తెల్లారి వచ్చి, ఎవరూ లేనప్పుడు, మొత్తం విప్పి తిరగవేద్దామని ఆయన మనసులో అనుకున్నాడు.

ఆయన తెల్లారి వచ్చేసరికి బోర్డుల పెయింటరు అంతకన్నా ముందే వచ్చి వెళ్ళాడు. సరిగ్గా ఆ అతుకు మీద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, జాతీయ జెండా వేసి పెట్టాడు. "మనందరం కలిసి వేసిన అతుకు కదా, జెండా దాని మీదే ఉండాలి" అన్నది ప్రెసిడెంటు గారి ఆలోచన. జనం వచ్చి చూసి, మాట్లాడకుండా నిలబడి, దణ్ణం పెట్టి వెళ్తున్నారు. మా బావ అతుకు విప్పడానికి తెచ్చిన గ్రైండరుని సంచిలోనే ఉంచేసుకొని ఇంటికి వచ్చాడు.

అప్పట్నుంచి మొదలైంది. జెండా పండగ దగ్గరపడుతోంది, ఆ రోజే వంతెన తెరుస్తారు. మా బావకి కంటి మీద కునుకు లేదు. పళ్ళు తోముకుంటూ వంతెన దగ్గరకి పోతాడు. తిని పోతాడు, తినకుండా పోతాడు. గట్టు దిగి, మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, చిన్న సుత్తితో దూలాన్ని కొట్టి చెవి ఆనించి వింటాడు. ఇంటికి వచ్చి కూర్చుంటాడు, కూర్చున్నవాడల్లా లేస్తాడు. బొటనవేలితో చూపుడువేలి కొసని అరిగిపోయేలా రుద్దుకుంటాడు. ఏమైందని అక్క అడిగితే తేలుకుట్టిన దొంగలా నోరు మెదపడు. సముద్రంలో తుఫాను కూడా లేదే అని అక్క నన్నడిగింది.

నేను బడి మైదానంలో పిల్లల చేత కవాతు చేయిస్తుంటే వచ్చాడు. వంతెన తెరిచేది మా పిల్లల కవాతుతోనే. ముందు బ్యాండు, వెనక జెండాలు పట్టుకొని పిల్లలు, వీధి నుంచి వంతెన మీదుగా బడిలోకి. నేను ఈల వేసి, ఎడమ కుడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకొని, అప్పటికి వాళ్ళ అడుగులు ఒక్కటిగా పడేలా చేశాను. నేల దద్దరిల్లుతోంది. నాకు వంట్లో గగుర్పాటు.

"మరదలా, వీళ్ళని అడుగు తప్పి నడవమను" అన్నాడు బావ.

"ఏంటి?"

"వంతెన మీద. ఒకేసారి అడుగు వెయ్యొద్దు. ఎవరికి తోచినట్టు వాళ్ళు నడవాలి. విడివిడిగా. వీలైతే ఇద్దరిద్దరు."

"బావా, పిల్లలకి అడుగు కలపడం నేర్పడానికి నా ప్రాణం పోయింది. ఇప్పుడు తప్పమనడానికి ఇంకో ప్రాణం ఎక్కడ తేను?"

"నేను చెప్పేది విను..."

"గొర్రెల మందలా తోలుకురానా జెండా పండగ రోజు? నువ్వేనా చెప్పేది?"

బావ అక్కడే తిరగడం మొదలుపెట్టాడు. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు. పిల్లలు నవ్వుతున్నారు. నాకు కోపం వచ్చింది. ఈల జేబులో పెట్టుకొని, ఆయన్ని చెయ్యి పట్టుకొని గోడ పక్కకి లాక్కెళ్ళి, చెప్తావా చెప్పవా అని నిలదీశాను. చెప్పాడు. లోపల గుల్ల ఎంత ఉందో తెలియదన్నాడు. నిలబడితే నిలబడొచ్చు, కానీ బరువంతా పడేది ఆ నడిమి అతుకు మీదే. అంతమంది పిల్లలు ఒకేసారి కాలు మోపితే ఏమవుతుందో చెప్పడానికి తనకి ధైర్యం లేదన్నాడు.

"అయితే చెప్పు అందరికీ! ఇంకా ఏంటి ఆలోచన?"

"ఏమని చెప్పను? మీరు వేసిన అతుకు చెత్త అనా? పెద్దమ్మని చూశావా? చుట్టుపక్కల వీధులకి పోయి మరీ చెప్పుకుంటోంది, నేను దేశానికి వంతెన కట్టానని. ఆ రెండిళ్ళవాళ్ళు ఇప్పుడు ఒకే అరుగు మీద కూర్చుంటున్నారు. ఏమని చెప్పను మరదలా?"

"పిల్లలు నీళ్ళలో పడ్డాక ఏమని చెప్తావు?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. బావ నా వైపు చూశాడు. తరవాత వంతెన వైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకొని బయల్దేరాడు. నేను వెనకే పరిగెత్తాను. గ్రైండరుకి కరెంటు కావాలి, కాలవకి దగ్గరగా ఉన్నది ఇస్త్రీ పెద్దమ్మ ఇల్లే. ఏంటి పని అని పెద్దమ్మ అడిగింది. వంతెనకి కొంచెం మెరుగు పెట్టాలన్నాడు. "మన వంతెనకేగా, తీసుకో నాయనా" అని తన ఇస్త్రీ పెట్టె వైరు పీకేసి ఆయన వైరు పెట్టించింది.

గ్రైండరు కీచుమని తిరిగింది. బావ దూలం పక్కన కూర్చొని చక్రాన్ని జెండా మీద ఆనించాడు. రంగు పొడిపొడిగా లేచింది. వైరు తన్నుకోకుండా పట్టుకొని వెనకే వచ్చిన పెద్దమ్మ, సగం చూపుతోనే, ఏం జరుగుతోందో చూసేసింది. ఆవిడ పెట్టిన కేకకి ఇళ్ళలోంచి జనం బిలబిలమంటూ వచ్చిపడ్డారు. ప్రెసిడెంటు గారు మొహానికి సగం సబ్బు నురగతో వచ్చాడు.

"ఆపు! ఆపు! జెండా మీద గ్రైండరు పెడతావా?"

బావ ఆపాడు.

"నువ్వు అసలు ఈ దేశంలోనే పుట్టావా?" అన్నాడు ప్రెసిడెంటు గారు.

ఆ మాటకి నా ఒళ్ళు భగ్గుమంది. ఆయన పోస్టు సంచి మోసిన చేతుల్ని నేనేమీ తక్కువ చెయ్యను, మంచి మనిషే. కానీ మా బావని పట్టుకొని అడగాల్సిన మాటేనా అది? నేను నోరు తెరిచేలోగా బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అతుకు బాగాలేదు. విప్పాలి" అన్నాడు.

"మేం వేసిన అతుకా?" అంది పెద్దమ్మ. ఆవిడ గొంతు నేను ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. క్షవరశాల ఆయన దర్జీ వంక చూశాడు. రెండిళ్ళవాళ్ళలో ఒకాయన అప్పుడే పక్కాయన వైపు వేలెత్తబోయాడు. తప్పు ఎవరి చుక్కలో ఉందో వెతుక్కోవడం అప్పుడే మొదలైపోయింది. ఇంకాసేపు అలాగే వదిలేస్తే ఆ వీధి మళ్ళీ పాత వీధి అయిపోయేది.

"మీది కాదు" అన్నాడు బావ. "మీరు వేసింది బాగానే ఉంది. పైన నేను వేసిన వరసలు పాడయ్యాయి. నా చెయ్యి వణికింది."

జీవితంలో మొదటిసారి మా బావ కదలకుండా నిలబడి మాట్లాడటం చూశాను. వెల్డింగ్ అద్దం లేకుండా.

"వణికిందా?"

"వయసు అయిపోతోందిగా. ఈమధ్య వణుకుతోంది. చెప్పడానికి సిగ్గేసి దాచాను. అందుకే ఎవరూ లేనప్పుడు సరిచేద్దామని వచ్చాను."

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ చెయ్యి వణకడం నాకు తెలిసి ఏ రోజూ లేదు. ఆ మనిషి దగ్గర ఉన్న ఆస్తల్లా ఆ చెయ్యి, దాని మీద ఉన్న నమ్మకం. దాన్ని అలా అందరి ముందూ కాలవలో పారేశాడు. పెద్దమ్మ మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. వేలెత్తబోయినాయన చెయ్యి దించేశాడు.

ప్రెసిడెంటు గారు నురగ తుడుచుకున్నాడు. ఆయనకి కోపం ఎంత త్వరగా వస్తుందో జాలీ అంతే త్వరగా వస్తుంది. "పోనీలే, ఒప్పుకున్నావు. అదీ గొప్పే" అన్నాడు. తరవాత గొంతు సవరించుకొని, "కానీ ఇది పిల్లల ప్రాణాలతో పని. మళ్ళీ నువ్వే వేస్తానంటే కుదరదు. వేరేవాళ్ళని పిలుద్దాం" అన్నాడు. అందరూ అదే సరైనదన్నారు. బావ కూడా అన్నాడు.

ఇంటికి వచ్చాక అక్క ఆయన కుడిచెయ్యి పట్టుకొని, అరచెయ్యి పైకి తిప్పి, చాలాసేపు చూసింది. అక్కకి అప్పటికే కబురు చేరిపోయింది.

"ఎప్పట్నుంచి వణుకుతోందండీ? నాకు కనపడలేదే?"

"నువ్వు పనిలో ఉంటావుగా" అన్నాడు బావ.

అక్క నా వైపు తిరిగింది. "నీకేమైనా తెలుసా?"

నాకేం తెలుసన్నాను. "ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు" అని అక్క ఆ చేతిని విసురుగా వదిలేసి లోపలికి పోయింది. బావ లేచి, గది చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళాడు.

బస్సు డిపో నుంచి వెల్డరు ఒకావిడ వచ్చింది. బలమైన భుజాలు, పొట్టి జుట్టు, తక్కువ మాటలు. గ్రైండరు పెట్టి జెండా రంగంతా తీసేసి, అతుకు విప్పడం మొదలుపెట్టింది. బావ పక్కన కూర్చొని స్లాగ్ కొట్టే సుత్తి, బ్రష్షు అందిస్తున్నాడు. పైన బావ వేసిన వరసలు పోయాయి. లోపల బొగ్గు ముక్కల్లా నల్లటి ఉండలు, వాటి మధ్య బెజ్జాలు. గోరు దూరేటంత పగులు ఒకటి. నేను దగ్గరగానే ఉన్నాను, నా కళ్ళతో చూశాను.

డిపో వెల్డరు అద్దం పైకెత్తి మా బావని చూసింది. ఒక మనిషి చెయ్యి వణికితే అతుకు ఎలా ఉంటుందో, రకరకాల చేతులు పడితే ఎలా ఉంటుందో పనితెలిసినవాళ్ళకి వేరే చెప్పాలా? బావ తల అడ్డంగా ఊపాడు. అంతే, చాలా కొద్దిగా.

"ఏంటమ్మా ఆ నల్లటివి?" అని పైనుంచి ప్రెసిడెంటు గారు వంగి అడిగాడు.

"పెద్దాయన చెయ్యి వణికినప్పుడు పడ్డవేనండీ" అంది ఆవిడ.

ఆయన అటు వెళ్ళాక గొంతు తగ్గించి, "ఎంతమంది బాబాయ్?" అంది.

"వీధి వీధంతా" అన్నాడు బావ.

ఆవిడ నవ్వు ఆపుకోలేక అద్దం కిందికి దించేసుకుంది. తరవాత పైకి చూసి, "ఎవరూ దగ్గరకి రాకండి, కళ్ళు పోతాయి" అని గట్టిగా అరిచింది. అతుకు వేస్తున్నంతసేపూ మా బావ ప్రతి వరస మీదా స్లాగ్ కొట్టి, తోమి, ఊది, మళ్ళీ తోమాడు. ఆవిడ చాలన్నా తోమాడు. చివరి వరస వచ్చేసరికి ఆవిడ రాడ్డు బిగించిన హోల్డరుని ఆయన వైపు చాపింది.

"ఇది మీరు వెయ్యండి బాబాయ్."

బావ చెయ్యి ముందుకి వచ్చింది. నేను చూశాను, స్థిరంగా ఉంది.

"వద్దమ్మా వద్దు! ఆయన చేతికి ఇవ్వకు!" అని గట్టు మీంచి ఒకేసారి చాలా గొంతులు అరిచాయి. కోపంతో కాదు, భయంతో, వాళ్ళ పిల్లల మీది భయంతో. వాళ్ళనీ ఏమీ అనలేను. బావ చెయ్యి వెనక్కి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

పెయింటరు మళ్ళీ జెండా వేశాడు. జెండా పండగ రోజు మా పిల్లలు అడుగు కలిపి, బ్యాండుతో, వంతెన దద్దరిల్లేలా నడిచారు. నేను ఈల వేస్తూ ముందు నడిచాను. నడుమకి వచ్చేసరికి ఈల వెయ్యడం మరిచిపోయాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు. వంతెన చీమంత కూడా కదల్లేదు. ప్రెసిడెంటు గారు మైకులో, "ఈ వీధిలో ప్రతి చెయ్యీ ఈ వంతెన మీద పడింది" అన్నాడు. డిపో వెల్డరుకి శాలువా కప్పాడు. ఆవిడ జనంలో మా బావ కోసం వెతికింది. బావ జనంలో లేడు, కాలవ గట్టు మీద పచార్లు చేస్తున్నాడు.

తరవాత కొన్నాళ్ళు క్షవరశాలలో ఒక హాస్యం నడిచింది. "ఆ ఓడ ఇంకా తేలుతోందంటావా?" అని ఒకరంటే అందరూ నవ్వేవాళ్ళు. చెడ్డవాళ్ళేమీ కాదు, ఊసుపోక. అది మా బావ చెవిన పడింది. ఆ సాయంత్రం వార్తల్లో సముద్రం గురించి ఏదో చెప్తుంటే, ఆయన లేచి వెళ్ళి రేడియో కట్టేశాడు. ఆ రోజు నేను క్షవరశాలకి వెళ్ళి నిజం మొహాన కొట్టొద్దామని చెప్పులు తొడుక్కున్నాను. బావ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"నీకెందుకు?"

"వాళ్ళు ఇప్పుడు కలిసి నవ్వుకుంటున్నారు మరదలా. నా మీదైతే ఏం? నవ్వుకోనీ."

చెప్పులు విప్పేశాను. ఆ మనిషి మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

మొన్న ఇస్త్రీ పెద్దమ్మ బల్ల కాలు విరిగింది. ఇనప కాలు. మామూలుగా అయితే ఆవిడ "నాయనా" అని మా గుమ్మంలో కేక వేసేది. మొన్న దాన్ని చంకలో పెట్టుకొని, రొప్పుకుంటూ, మా ఇల్లు దాటిపోతోంది. బావ చూసి ఎదురెళ్ళాడు.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"డిపో అమ్మాయి దగ్గరకి నాయనా. నీ చెయ్యి బాగుండలేదుగా, నిన్నెందుకు కష్టపెట్టడం" అంది. ఆవిడ మాటలో ఎంత ప్రేమ ఉందో చెప్పలేను.

నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. బావ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపుకి తెరిచిన నోరు మూసుకున్నాను.

"మంచిపని చేశావు. ఆ అమ్మాయి చెయ్యి మంచిది. ఇలా తే, బరువు మొయ్యలేవు" అని ఆ కాలు తను అందుకున్నాడు. ఇద్దరూ వంతెన వైపు నడిచారు, డిపోకి అదే దగ్గర దారి. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మేం వేసింది రాయిలా ఉండేది నాయనా, పైన నువ్వే పాడుచేశావుగానీ. పోనీలే, ఏం చేస్తావు, వయసు."

"ఊఁ" అన్నాడు బావ.